ముడుమాల్ గుంటల బండ: అవి నిజంగా సప్తర్షులేనా? చూసొచ్చినవాళ్లు చెప్పండి

పాలమూరు_బాటసారి:
మార్చి 21న తెల్లవారుజామునే మక్తల్ మీదుగా ముడుమాల్ వెళ్లొచ్చాను. నారాయణపేట జిల్లా కృష్ణ మండలంలో, కృష్ణానది ఒడ్డున ఉంది. నిలువురాళ్ల గురించి ఇక్కడ చాలామందికి తెలిసే ఉంటుంది. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్న రాళ్లు దాదాపు 80, వాటి చుట్టూ వరుసల్లో పేర్చిన చిన్న రాళ్లు మూడు వేల దాకా ఉంటాయంటారు. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున సూర్యుడు ఆ వరుసలకు సూటిగా ఉదయిస్తాడని విని, అది చూద్దామనే వెళ్లాను. చూశాను, ఒళ్లు పులకరించింది. కానీ అప్పటినుంచి నన్ను పట్టుకున్నది మాత్రం గుంటల బండ.

ఆ ఆవరణలోనే ఒక బండ మీద చిన్న చిన్న గిన్నెల్లా తొలిచిన గుంటలు ఉన్నాయి, సుమారు 30. వాటిలో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ప్రొఫెసర్ కె.పి. రావు గారు చెప్పారు. ఈ స్థలం వయసు 3,500 నుంచి 4,000 ఏళ్లని అంచనా. అదే నిజమైతే దక్షిణాసియాలో చుక్కల్ని రాతిమీద గుర్తుపెట్టిన మొట్టమొదటి చోటు ఇదే కావచ్చు. 2025 మార్చిలో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది.

నేను చాలాసేపు ఆ బండ ముందే కూర్చున్నాను. ఎండ ఏటవాలుగా పడినంతసేపూ ప్రతి గుంటలోనూ ఒక పక్క నీడ, ఒక పక్క వెలుగు. సూర్యుడు కాస్త పైకొచ్చేసరికి ఆ నీడలన్నీ పోయి బండంతా ఒకటే బూడిదరంగైపోయింది. కాబట్టి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. సప్తర్షులు కనిపించాయా అంటే, కనిపించాయి. కానీ అక్కడ సప్తర్షులు ఉన్నాయని ఎవరూ ముందే చెప్పకపోతే కనిపించేవా? ఈ అనుమానం తీరడం లేదు. మీ అనుభవాలు చెప్పండి.

చుక్కలవేట:
బాటసారి గారూ, మీ అనుమానం సరైనదే. 30 చుక్కల్లోంచి ఏడింటిని ఏరుకోవడానికి 20 లక్షలకు పైగా మార్గాలున్నాయి. అన్నిట్లో ఒక్కటైనా మనకు తెలిసిన ఆకారానికి దగ్గరగా రాకపోతేనే ఆశ్చర్యం. అలాగని ఆ వాదన తప్పనడం లేదు. మిగతా 23 గుంటలు ఏమిటో కూడా అదే ఆకాశంతో వివరించగలిగితే నమ్మకం పెరుగుతుంది.

ఇంకో మాట. సప్తర్షుల్లో ముందున్న రెండు చుక్కల్ని కలిపి గీత పొడిగిస్తే ధ్రువనక్షత్రం వస్తుందని, బండ మీద కూడా అలాగే ఉందని చెబుతుంటారు. ఆకాశంలో ఆ గీత అప్పుడూ ఇప్పుడూ ఒకటే, చుక్కల మధ్య దూరాలు మూడు నాలుగు వేల ఏళ్లలో కంటికి తెలిసేంతగా మారవు. కానీ ఇప్పుడు మనం ధ్రువుడు అంటున్న చుక్క ఆనాడు ఉత్తర ధ్రువస్థానంలో లేదు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరుగుతుంది, ఒక చుట్టుకు దాదాపు 26,000 ఏళ్లు. క్రీ.పూ. 2800 ప్రాంతంలో థుబన్ అనే చుక్క ధ్రువస్థానంలో ఉండేది. క్రీ.పూ. 1500 నాటికి అది పక్కకు జరిగిపోయింది, సరిగ్గా ఆ చోట మెరిసే చుక్కే లేదు. ఆ గుంటలు తొలిచినవాళ్లకు నేటి ధ్రువుడు కదలని చుక్క కాదు, అందరిలాగే తిరిగే చుక్క. అది దిక్కు చూపించే బొమ్మ అనేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోవాలి.

గడ్డివాము:
మాది వనపర్తి వైపు. ఇలాంటి గుంటలున్న బండ మా చేను గట్టున కూడా ఉంది. చిన్నప్పుడు వాటిలో వేళ్లు పెట్టి ఆడుకునేవాళ్లం. లోపల ఎంత నున్నగా ఉంటుందంటే బాగా వాడిన రోలు లోపలి భాగంలా ఉంటుంది, అంచుకొచ్చేసరికి గరుకు. అందుకే మా ఊళ్లో అందరూ వాటిని పాతకాలం రోళ్లు అంటారు. జొన్నలు దంచుకునేవారేమో అని నేనూ అనుకున్నాను. కానీ మావాటిలో సగానికి పైగా బండ వాలు పక్కన ఉన్నాయి. గింజ పోస్తే నిలవదు, కింద పడిపోతుంది. ఒక్కో గుంటలో నా బొటనవేలి పైకణుపు మాత్రమే పడుతుంది. దాంట్లో దంచేదేముంది?

ఇంకొకటి. గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన మమ్మల్ని చూసినప్పుడల్లా "అవి దేవుని గుంతలు బిడ్డా, ఉత్తగ చెయ్యి పెట్టొద్దు" అనేవాడు. ఏ దేవుడు అంటే చెప్పేవాడు కాదు.

తిరుగుడు_బండి:
వామనగుంటల పలక అయ్యుండొచ్చా? గుళ్ల మండపాల్లో నేలమీద చెక్కినవి చాలా చూశాను.

గడ్డివాము:
లేదండీ. వామనగుంటలకు రెండు వరుసల్లో ఏడేసి ఉండాలి. ఇవి అలా లేవు, చల్లినట్టు ఉంటాయి. పైగా వాలులో గింజలు నిలవవని చెప్పాగా.

రాతిపాట:
నేను బళ్లారి దగ్గర కుప్‌గల్ కొండ ఎక్కినప్పుడు ఒకటి అర్థమైంది, ఇక్కడ పనికొస్తుందని రాస్తున్నాను. ఆ కొండమీద నల్లటి డోలరైట్ బండలపై పెద్ద కొమ్ముల ఎద్దులు, మనుషులు, ఇలాంటి బొమ్మలు చాలా ఉన్నాయి. ఫాసెట్ అనే ఆయన 1892లోనే వాటి గురించి రాశాడు. బొమ్మలకు దూరంగా ఉన్న ఒక బండను మాకు దారి చూపించినాయన చిన్న రాయితో తట్టి చూపించాడు. రాయి మీద రాయి తగిలిన చప్పుడు కాదది, కంచు గంట మోగినట్టు మోగింది. ఆ మోత ఆగాక కూడా అరచేతికి సన్నని వణుకు తెలిసింది. అక్కడ కొన్ని బండలమీద గాడులు, గుంటలు పడింది ఇలా మళ్లీ మళ్లీ కొట్టడం వల్లేనని, వాళ్లకు కావలసింది ఆ మోత అని పరిశోధకులు రాశారు.

అంటే గుంట అనేది బొమ్మ కాకపోవచ్చు. ఒక పని చేయగా మిగిలిన గుర్తు కావచ్చు. మధ్యప్రదేశ్‌లోని దరాకి-చట్టాన్ గుహలో గోడలమీద 500కు పైగా గుంటలున్నాయి. అలాంటివి మనవాళ్లే రాతి సుత్తులతో మళ్లీ చేసి చూశారు. గట్టి రాయిలో ఒక్క చిన్న గుంటకు వేల దెబ్బలు పడతాయని తేలింది. ఏదో తోచక చేసే పని కాదది. వానకోసమో, చనిపోయినవారికోసమో, ఏడాదికొకసారో, ఇంటికొకటో. ముడుమాల్ గుంటలు 30 కూడా ఒకే మనిషి ఒకే రోజు చేసినవని ఎందుకనుకోవాలి?

చుక్కలవేట:
ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. వేర్వేరు కాలాల్లో చేసినవైతే అన్నీ కలిపి ఒకే ఆకాశపటం అనడం కష్టం. గుంటలకు నేరుగా వయసు కట్టే దారి కూడా లేదు, నిలువురాళ్ల వయసునే వీటికీ అరువిస్తున్నాం.

పేదరాశి_మనవరాలు:
నేను ముడుమాల్ వెళ్లలేదు, అయినా ఒకటి చెప్పాలి. మా నాయనమ్మకు సప్తర్షులంటే తెలియదు. వేసవిలో డాబా మీద పడుకున్నప్పుడు ఉత్తరం వైపు చూపించి "అదిగో ముసలమ్మ మంచం, వెనకాల ముగ్గురు దొంగలు" అనేది. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, తోకలోని మూడూ ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. గోండుల్లో కూడా ఇదే కథ ఉందని తర్వాత చదివి ఎంత సంతోషించానో! పెళ్లిలో అరుంధతిని చూపించే ఆకాశమే అది, కానీ కథ పూర్తిగా వేరు.

బండ మీద ఉన్నవి నిజంగా ఆ ఏడు చుక్కలే అయినా, తొలిచినవాళ్లు వాటిని ఋషులనే అనుకున్నారని మనమెలా అంటాం? వాళ్లకు అది మంచమో, కావడో, పాడెనో. పాడె అని ఊరికే అనడం లేదు. నిలువురాళ్లు చాలాచోట్ల చనిపోయినవారి గుర్తుగా నిలిపినవే కదా.

పాలమూరు_బాటసారి:
పాడె అన్న మాట దగ్గర ఆగిపోయానమ్మా. ఇది నాకు తట్టనే లేదు.

కృష్ణ_ఒడ్డు:
మాది అక్కడికి దగ్గరి ఊరే. రెండు మాటలు. ఆ రాళ్లను మావాళ్లు నిలురాళ్ల తిమ్మప్ప అని కొలుస్తారు, ఒక రాయికి ఎల్లమ్మ అని పూజ చేస్తారు. ఇన్నేళ్లు ఆ రాళ్లు మిగిలాయంటే ఈ భయభక్తుల వల్లే. చుట్టుపక్కల ఎన్ని బండలు పగిలి కంకర అయ్యాయో మేం కళ్లారా చూశాం.

రెండోది, దయచేసి గుంటల్లో సుద్దముక్కతో గీయకండి. ఫొటోలో బాగా పడాలని ఎవరో ఏడు గుంటలకే తెల్లగా పూశారు. తర్వాత వచ్చినవాళ్లందరికీ ఆ ఏడే కనిపించాయి, మిగతావి ఎవరూ చూడలేదు. నాకు చాలా బాధేసింది.

రాతిపాట:
అన్నా, సుద్ద అవసరమే లేదు. రాత్రిపూట టార్చి బండకు ఆనించినంత పక్కగా పట్టుకుంటే పొద్దుటి ఎండకన్నా బాగా తేలుతాయి. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు తీస్తే మిస్సయిన గుంటలు కూడా దొరుకుతాయి.

పాలమూరు_బాటసారి:
అయితే చైత్ర అమావాస్యకు వెళ్దామా? రాత్రి ఎనిమిది, తొమ్మిదికల్లా సప్తర్షులు ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటాయి. బండ పక్కనే నిలబడి రెండింటినీ ఒకేసారి చూడొచ్చు. కృష్ణ_ఒడ్డు గారూ, రాత్రిపూట ఉండడానికి ఊరి పెద్దల్ని మీరు అడిగి పెట్టాలి.

నేను తీసిన ఫొటోలోంచి గుంటలన్నీ, పెద్దవీ చిన్నవీ వదలకుండా, కాగితం మీదికి ఎత్తాను. ఏమిటో చెప్పకుండా మా అమ్మాయికిచ్చి, నీకేం కనిపిస్తే అది గీత కలుపు అన్నాను. నాలుగో తరగతి. పావుగంట తలవంచుకుని కూర్చుంది. ఏ గీతా గీయలేదు. చివరికి పెద్ద గుంటలన్నిటికీ ఒక రంగు, చిన్నవాటికి ఇంకో రంగు వేసి, "ఇవి పెద్దవాళ్లు చేసినవి, ఇవి పిల్లలు చేసినవి" అంది. ఆ కాగితం అమావాస్య రోజు తెస్తాను.