‘నీచు’ అనే మాట, చేప రుచి

ప్రశ్న:
చేప బాగాలేకపోతే ‘నీచు కొడుతోంది’ అంటాం. బాగుంటే ‘నీచే లేదు’ అని మెచ్చుకుంటాం. ఇంతకీ నీచు అంటే పచ్చి వాసనా, పాడైన వాసనా? ‘నీచం’ అనే సంస్కృత పదానికీ దీనికీ అర్థంలో ఏమైనా సంబంధం ఉందా? నీచు లేకపోవడమే చేపకు రుచి అనుకోవచ్చా? తెలిసినవారు వివరంగా రాయగలరు.

జవాబు:
మీ మూడో ప్రశ్న నుంచే మొదలుపెడతాను. అది తేలితే మొదటి రెండూ తేలిపోతాయి. నీచు లేకపోవడం వేరు, రుచి ఉండడం వేరు. ఇంకో మాట కూడా చెప్పాలి. సముద్రపు చేపలో రుచికీ నీచుకూ పుట్టిల్లు ఒకటే.

సముద్రపు నీటిలో ఉప్పు దాదాపు 3.5 శాతం. అందులో ఈదే చేప ఒంట్లోని ద్రవాల్లో ఉప్పు సుమారుగా దానిలో మూడో వంతే. బయట ఉప్పెక్కువ, లోపల తక్కువ కాబట్టి ఒంట్లోని నీరు బయటికి పోతూనే ఉంటుంది. చేప సముద్రపు నీటిని తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. దానితో పాటు కండలోని కణాల్లో కొన్ని చిన్న చిన్న పదార్థాలను నిల్వ ఉంచుకుంటుంది. వాటిలో కొన్ని అమైనో ఆమ్లాలు, అంటే మాంసకృత్తులను కట్టే చిన్న ఇటుకల్లాంటివి. గ్లైసిన్ నాలుకకు తియ్యగా తగులుతుంది. గ్లూటమేట్ మాంసరసంలో ఉండే నిండైన రుచినిస్తుంది. మరొకటి ట్రైమిథైలమీన్ ఆక్సైడ్. దీనికి వాసన లేదు. ఉప్పు ఒత్తిడి నుంచి, లోతుల్లో నీటి ఒత్తిడి నుంచి చేప మాంసకృత్తులను ఇది కాపాడుతుంది. సముద్రంలో లోతుకు పోయేకొద్దీ చేపల్లో దీని పాలు పెరుగుతుంది.

చేప చచ్చిన తర్వాత కథ మారుతుంది. బ్యాక్టీరియా ఈ ఆక్సైడును విరగ్గొట్టి ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. ముక్కుకు గుప్పున తగిలే నీచు అదే. బతికి ఉన్నప్పుడు చేపను కాపాడినదే, చచ్చాక దాని గుట్టు బయటపెడుతుంది. కాబట్టి నీచును చేప పుట్టుకతో తెచ్చుకున్న దోషంగా చూడడం అన్యాయం. చేప పట్టిన తర్వాత గడిచిన కాలానికి, దాన్ని ఉంచిన తీరుకు అది గుర్తు.

ఇక మొదటి ప్రశ్న. పచ్చి వాసనకు, కుళ్లు వాసనకు తేడా ఉందని మన పాత కోశకారులకు బాగా తెలుసు. అమరకోశంలో పూతిగంధి అనేది దుర్గంధం. ‘విస్రం స్యాదామగంధి యత్’ అంటూ పచ్చి మాంసపు వాసనకు విస్రం అని వేరే మాటే ఉంది. ‘ఆమ’ అంటే పచ్చిది, పక్వం కానిది. తెలుగులో నీచుకు సరిగ్గా సరిపోయేది ఈ విస్రమే. కుళ్లు దాని తర్వాతి మెట్టు. చేప నీచుగా ఉండవచ్చు, కుళ్లకపోవచ్చు. అది వండుకోవడానికి పనికిరావచ్చు కూడా. కుళ్లిన చేపను ‘నీచుగా ఉంది’ అంటే మాత్రం విషయాన్ని తక్కువ చేసి చెప్పినట్లే.

రెండోదానికి చిన్న జవాబు. సంస్కృత ‘నీచ’ అనేది కిందిది, తక్కువది అనే అర్థంలోని విశేషణం. అది ఎత్తుకో స్థాయికో చెందిన మాట, వాసనకు చెందినది కాదు. పచ్చి వాసనకు సంస్కృతంలో విస్రం అనే మాట విడిగా ఉండగా, నీచుకు నీచత్వాన్ని అంటగట్టవలసిన అవసరం లేదు. ధ్వని కలిసినంత మాత్రాన అర్థాన్ని కలిపేస్తే, తిండినీ తినేవారినీ చిన్నచూపు చూడడానికి అదొక సాకు అవుతుంది. భాషను ప్రేమించేవారు ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

మరొక సభ్యురాలు:
ఆక్సైడ్ సముద్రపు చేపలో ఎక్కువ అన్నారు, బాగుంది. మరి చెరువు చేపలో వచ్చే వాసన మాటేమిటండీ? మేము దాన్ని కూడా నీచు అనే అంటాం. కొన్నిసార్లు అది ఎంత కడిగినా పోదు.

జవాబు:
అమ్మా, అక్కడే ఈ మాట మనల్ని దారి తప్పిస్తోంది. మంచినీటి చేపకు చుట్టూ ఉప్పెక్కువైన నీటితో పోరాటం లేదు. అందుకని దానిలో ఆ ఆక్సైడ్ చాలా తక్కువ, అసలైన నీచూ తక్కువే. రుచి కూడా సాధారణంగా సున్నితంగా ఉంటుంది. మీరు చెబుతున్నది మట్టి వాసన. దానికి కారణం జియోస్మిన్ అనే పదార్థం. 1965లో దానికి ఆ పేరు పెట్టారు, గ్రీకులో ‘మట్టి వాసన’ అనే అర్థం వచ్చేలా. తొలకరి చినుకులకు నేల నుంచి లేచే వాసనలోనూ ఇదే ఉంటుంది. వానలో మనసుకు హాయినిచ్చేది చేప ముక్కలో ఎందుకు వెగటు పుట్టిస్తుందో చూడండి, పదార్థం ఒకటే అయినా చోటు మారింది.

దీన్ని చేప తయారు చేయదు. నీటిలోని నీలి ఆకుపచ్చ నాచు, మట్టిలో ఉండే ఒక జాతి బ్యాక్టీరియా తయారు చేస్తాయి. చేప మొప్పల ద్వారా అది రక్తంలోకి వెళ్లి, కొవ్వులో, చర్మంలో నిలిచిపోతుంది. లక్ష కోట్ల పాళ్ల నీటిలో కొద్ది పాళ్లు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. పైపైన కడిగితే పోకపోవడానికి కారణం ఇదే, అది ముక్క లోపల ఉంది. బతికి ఉన్న చేపను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే క్రమంగా తగ్గుతుంది. వండేటప్పుడు చర్మం, దాని కిందనున్న ముదురు రంగు కండ తీసేస్తే కొంత మేలు.

పులుపు రెండింటికీ మందే. అయితే పని చేసే తీరు వేరు. ట్రైమిథైలమీన్ క్షార గుణమున్నది. చింతపండు, నిమ్మ, వెనిగర్, ఏ పులుపు తగిలినా అది ఆమ్లంతో కలిసి లవణంగా మారి, గాలిలోకి లేవడం మానేస్తుంది. వాసన అణగిపోతుంది గానీ పదార్థం అక్కడే ఉంటుంది. జియోస్మిన్ విషయంలో ఆమ్లం ఆ అణువునే మార్చివేస్తుంది. కాబట్టి ‘పులుపు నీచును విరుస్తుంది’ అనే మన వాడుకలో ‘విరుస్తుంది’ అనే క్రియ నిజానికి మట్టి వాసనకే బాగా సరిపోతుంది. నీచును పులుపు కట్టివేస్తుంది.

ఇంకొక సభ్యుడు:
మీరు గ్లైసిన్ గురించి రాశాక ఒక సందేహం వచ్చింది. ‘చేప తియ్యగా ఉంది’, ‘రొయ్య తియ్యగా ఉంది’ అంటారు కదా. ఇది కమ్మగా ఉందనడానికి అలంకారంగా వాడే మాటేనని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగానే తీపి ఉందంటారా?

జవాబు:
నిజంగానే ఉంది. నాలుక పట్టుకున్నదాన్నే మాట చెప్పింది. రొయ్య, పీత వంటివాటి శరీర ద్రవాలు చాలావరకు చుట్టూ ఉన్న సముద్రమంత గాఢంగా ఉంటాయి. ఆ గాఢతకు దీటుగా అవి కణాల నిండా గ్లైసిన్ వంటి అమైనో ఆమ్లాలను నింపుకుంటాయి. అందుకే రొయ్య తీపి చేప తీపికన్నా స్పష్టంగా తెలుస్తుంది. ఉప్పెక్కువ ఉన్న నీటిలో పెరిగిన రొయ్యలో ఆ ఆమ్లాలు మరింత పెరుగుతాయి.

సొరచేప, టేకు చేప పట్టిన దారి వేరు. అవి యూరియాను ఒంట్లో నిలుపుకొని సముద్రానికి సమంగా నిలబడతాయి. తాజాగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. ఆలస్యమైతే బ్యాక్టీరియా ఆ యూరియాను అమోనియాగా మార్చి, కళ్లు మండించే ఘాటు పుట్టిస్తుంది. ఇదీ నీచు కాదు. దీన్ని మనం ‘ఘాటు’ అనే అనాలి.

కమ్మదనం సంగతి ఇంకా ఆసక్తికరం. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా సముద్రపు నాచు నుంచి గ్లూటమేట్‌ను వేరు చేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టారు. 1913లో షింతారో కొదామా ఎండబెట్టిన బొనిటో చేపలో ఇనోసినేట్ అనే మరో పదార్థాన్ని గుర్తించారు. ఈ రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి ఎన్నో రెట్లు పెంచుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, బతికి ఈదుతున్న చేప కండలో ఇనోసినేట్ చాలా తక్కువ. చేప చచ్చాక, కండకు శక్తినిచ్చే ఏటీపీ మెట్టుమెట్టుగా విరుగుతూ ఇనోసినేట్‌గా మారుతుంది. అది అక్కడా ఆగదు. ఇనోసిన్‌గా, ఆపై హైపోజాంథీన్‌గా మారిపోతుంది. ఈ చివరిది చేదు.

అంటే చేప రుచి ఒక ఎత్తుకు ఎక్కి దిగుతుంది. పట్టిన మరుక్షణం తిన్న చేపే అన్నిటికన్నా రుచి అనే నమ్మకం అన్ని చేపలకూ చెల్లదు. పెద్ద చేపల్లో కొన్నింటిని మంచులో కొంతసేపు ఉంచాకే రుచి నిండుతుంది. చిన్నవాటికి అంత వ్యవధి లేదు. వలలో, గాలానికి చాలాసేపు గిలగిలా కొట్టుకున్న చేప ఆ పెనుగులాటలోనే ఏటీపీని ఖర్చు చేసేస్తుంది. దాని కండ త్వరగా బిగుసుకుంటుంది, త్వరగా వదులవుతుంది, రుచి కూడా త్వరగా జారిపోతుంది. ప్రాణం త్వరగా పోయేలా చూడడం చేప పట్ల దయ. తినేవారికీ మేలే.

మంచు అన్నాను కాబట్టి చెప్పాలి. చల్లని నీటిలో బతికే చేపల ఎంజైములు, వాటిమీది బ్యాక్టీరియా చలికి అలవాటు పడినవి. మాంసాన్ని నిలువ ఉంచే చల్లదనం వాటిని ఆపలేదు. అందుకే చేపను సున్నా డిగ్రీల దగ్గర, మంచు ముక్కల్లో కప్పి ఉంచడం ముఖ్యం.

మొదట అడిగినవారు:
కృతజ్ఞతలు. కొవ్వు గురించి రాయలేదు. కొవ్వు పట్టిన చేపే రుచి అనేవారు ఉన్నారు, కొవ్వుంటే నీచెక్కువ అనేవారూ ఉన్నారు.

జవాబు:
ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కాకపోతే వేరువేరు రోజుల గురించి. కాడ్ వంటి చేప కొవ్వును కాలేయంలో దాచుకుంటుంది, కండలో ఒక శాతం కూడా ఉండదు. హెర్రింగ్, మాకెరెల్, సార్డీన్, సాల్మన్ కండలోనే దాచుకుంటాయి. హెర్రింగ్‌లో కొవ్వు ఏడాదిలో కాలాన్ని బట్టి ఒకటి రెండు శాతం నుంచి 20 శాతం పైదాకా మారుతుంది. గుడ్లు పెట్టే కాలానికి ముందు బాగా తిని బలిసిన చేపకు, గుడ్లు పెట్టి అలసిన చేపకు పేరు ఒకటే అయినా రుచి ఒకటి కాదు. రెండోది నీళ్లోడుతూ చప్పగా ఉంటుంది. చేప రుచి గురించి మాట్లాడేవారు ఏ చేప అని అడగడంతో ఆపకుండా, ఏ కాలంలో పట్టినది అని కూడా అడగాలి.

కొవ్వు నోటికి నునుపునిస్తుంది, వాసనలను మోసుకొస్తుంది. కానీ చేప కొవ్వు మాంసపు కొవ్వులా గట్టిపడేది కాదు. చలిలోనూ ద్రవంగా ఉండే అసంతృప్త కొవ్వు అది. గాలి తగిలితే సులువుగా పాడవుతుంది. నిరంతరం ఈదే చేపల్లో ఉండే ఎర్రని కండలోని ఇనుము ఆ పనిని వేగిరపరుస్తుంది. అప్పుడు వచ్చేది పాత నూనె వాసన. దీనికి తెలుగులో ‘కనరు’ అనే చక్కని మాట ఉంది. దాన్ని వాడకుండా ఇదీ నీచే అనడం వల్ల, పులుపు పోసి పోగొట్టవచ్చని భ్రమ పడుతున్నాం. కనరుకు పులుపు మందు కాదు.

మెత్తదనం గురించి ఒక్క మాట. చేప బరువును నీరే మోస్తుంది కాబట్టి దాని కండను కట్టి ఉంచే కొల్లాజెన్ తక్కువ, అదీ తక్కువ వేడికే కరుగుతుంది. పొట్టి పోగులు పొరలు పొరలుగా విడిపోవడం అందుకే. 60 డిగ్రీలు దాటించి ఉడికిస్తూ పోతే కండ నీరు వదిలి పీచుగా మారుతుంది. ఎంత మంచి చేప తెచ్చినా ఎక్కువ ఉడికించి దాని తీపిని పోగొట్టుకునేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి నీచు అని ఒకే పేరుతో పిలుస్తున్న వాటిని నీచు, మట్టి వాసన, ఘాటు, కనరు, కుళ్లు అని విడదీసి వాడుదామని నా ప్రతిపాదన. కొత్త మాటలేవీ పుట్టించనక్కర్లేదు, అన్నీ మన దగ్గర ఉన్నవే. ఒక్కదానికి మాత్రం నాకు మాట దొరకలేదు. అప్పుడే పట్టిన చేప దగ్గర నీచు ఉండదు. నలిపిన ఆకులాంటి, కోసిన దోసకాయలాంటి లేత వాసన వస్తుంది. చేప చర్మంలోని ఎంజైములు కొవ్వు ఆమ్లాలను విరిచినప్పుడు పుట్టే పదార్థాలు, దోసకాయకు వాసననిచ్చే పదార్థాలు ఒకే కుటుంబానివి. కొన్నయితే అచ్చంగా అవే. తాజా చేపకు అదొక మంచి గుర్తు. జాలరి కుటుంబాల్లో పెరిగినవారు ఈ గుంపులో ఉంటే, ఆ వాసనను మీ ఇళ్లలో ఏమంటారో దయచేసి రాయండి.