చరిత్రలోని చేతిపనులు, వంటలు, మాటలు కనిపించే అనిమే, మాంగా సూచించగలరా?

కండెదారం:

నమస్కారం. మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఇల్లు. నాన్న చిటికి కడతారు (రంగు అద్దేముందు నూలుకు ముళ్లు వేస్తారు), అమ్మ ఇప్పటికీ రోజూ కండెలు చుడుతుంది. అందువల్ల కాబోలు, చారిత్రక కథ ఏది చదివినా ఏ రాజు ఏ కోటను గెలిచాడన్న దానికంటే, ఆ రాజు కట్టుకున్న బట్టను ఎవరు నేశారు, ఆ పూట సైనికులు ఏం తిని పడుకున్నారు అన్న ప్రశ్నలే నాకు ముందుగా కలుగుతాయి. కొన్ని నెలల క్రితం ఒక స్నేహితురాలు కావోరు మోరి గీసిన 'ఎ బ్రైడ్స్ స్టోరీ' సంపుటాలు ఇచ్చింది. 2008లో మొదలైన ఈ మాంగా (జపనీస్ బొమ్మల కథ) 19వ శతాబ్దపు మధ్య ఆసియాలో జరుగుతుంది. అమీర్ అనే ఇరవయ్యేళ్ల యువతి వేరే తెగ నుంచి, ఊళ్లో స్థిరపడిన ఒక కుటుంబానికి కోడలిగా వస్తుంది.

నన్ను పట్టి నిలిపినది ఆ పెళ్లి కాదు, రెండో సంపుటంలోని కుట్టుపని. ఆ ఇంట్లో తిలెకె అనే చిన్నపిల్లకు డేగలంటే ప్రాణం. పెళ్లికి సిద్ధం చేసుకోవలసిన బట్టల మీద వేరే నమూనాలేవీ కుట్టదు, డేగలే కుడతానంటుంది. ఆ పిల్లను ఇంటి పెద్దావిడ మందలించదు. పెట్టెలోంచి పాత బట్టలు తీసి, ఇది ఫలానా ముత్తవ్వ కుట్టినది, ఇది ఫలానా ఊరి నుంచి కోడలిగా వచ్చినామె తనతో తెచ్చిన నమూనా అని ఒక్కొక్కటే చూపిస్తుంది. ఇంటి చరిత్ర మొత్తం గుడ్డల మీద ఉన్నదని ఆ పిల్లకు అర్థమవుతుంది. మోరి ఆ కుట్లను దాదాపు దారం దారంగా గీశారు. చెక్కపని చేసే వృద్ధుడి కోసం, రొట్టెలు కాల్చే పొయ్యి కోసం కూడా ఆమె ఇంతే ఓపికగా పేజీలు కేటాయించారు.

ఇటువంటివి ఇంకేమున్నాయో తెలుసుకోవాలని ఈ చర్చ మొదలుపెట్టాను. మీరు చదివినవి, చూసినవి చెప్పండి. వాటిలో మీకు నచ్చనిది ఉంటే అదీ చెప్పండి. కథ ముగింపులు మాత్రం దయచేసి బయటపెట్టవద్దు.

తంగేడుపువ్వు:

కండెదారం గారూ, మీరు అడిగినదానికి నా మొదటి జవాబు సతోరు నోదా గీసిన 'గోల్డెన్ కముయ్'. 2014 నుంచి 2022 వరకు వచ్చిన ఈ మాంగా 31 సంపుటాలుగా ఉంది, దాని అనిమే (జపనీస్ యానిమేషన్ రూపం) 2018లో మొదలైంది. 1904-05 రష్యా-జపాన్ యుద్ధం నుంచి బతికి వచ్చిన సుగిమోతో అనే సైనికుడు, అసిర్పా అనే ఐను (ఉత్తర జపాన్ ఆదివాసీ) బాలిక, హొక్కాయిదో దీవిలో దాచిన బంగారం కోసం వెతుకుతారు. అది పైకి కనిపించే కథ. లోపల ఉన్నది ఐను ప్రజల జీవనం. వేటాడిన జంతువు మాంసాన్ని కత్తితో కొట్టి కొట్టి మెత్తగా చేసే వంటను వాళ్ల భాషలో 'చితతప్' అంటారు. అందరూ వంతులవారీగా కత్తి పట్టి, కొడుతూ ఆ మాట పైకి అనాలని అసిర్పా పట్టుబడుతుంది. కత్తి తన చేతికి వచ్చినప్పుడు కరడుగట్టిన సైనికుడు కూడా ఆ మాట అనవలసిందే. ఐను భాష విషయంలో చిబా విశ్వవిద్యాలయానికి చెందిన భాషావేత్త హిరోషి నకగావా పర్యవేక్షించారు కాబట్టి, అక్కడ వినిపించే మాటలు అలంకారానికి చల్లినవి కావు.

ఒక్క సంగతి నన్ను మా ఊరికి తీసుకుపోయింది. రోగాలు తెచ్చే దుష్టశక్తులు పసిపిల్లల జోలికి రాకూడదని ఐనులు చిన్నతనంలో వారిని అసహ్యమైన పేర్లతో పిలిచేవారని, అసలు పేరు తరువాత పెట్టేవారని ఈ మాంగాలో వస్తుంది. పుట్టిన బిడ్డలు పోతూ ఉంటే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టిన ఇళ్లు మా తాతల కాలంలో మా దగ్గరా ఉండేవి. మా పెద్దనాన్న పేరు అటువంటిదే. ఎన్నడూ కలవని రెండు జాతుల తల్లులు ఒకే భయంతో ఒకే ఉపాయం పన్నారని తెలిసిన రాత్రి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

హెచ్చరిక కూడా చెప్పాలి. ఇందులో రక్తపాతం బాగా ఎక్కువ, మోటు హాస్యమూ ఉంది. పిల్లలకు ఇవ్వదగినది కాదు.

లంకపొలం:

తంగేడుపువ్వు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నా వంతుగా మకోతో యుకిమురా 'విన్‌లాండ్ సాగా' పేరు చెబుతాను. అయితే నేను సిఫారసు చేసేది ముఖ్యంగా 2023లో వచ్చిన రెండో భాగం. 2019లో వచ్చిన మొదటి భాగంలో ఓడలు, దోపిడీలు, పగ ఉన్నాయి. అది చూడకుండా రెండోది అర్థం కాదు కాబట్టి చూడక తప్పదు. నేను వ్యవసాయం చేసే మనిషిని. 11వ శతాబ్దపు డెన్మార్క్‌లో కెటిల్ అనే ఆసామి కొన్న ఇద్దరు బానిసల కథను ఇరవై నాలుగు ఎపిసోడ్లపాటు నడపడానికి ధైర్యం కావాలని నాకు తెలుసు. అడవి నరికి, భూమిని సాగులోకి తెచ్చి, గోధుమ పండించి, ఆ పంట మీద వచ్చిన సొమ్ముతో తమ స్వేచ్ఛను తామే కొనుక్కోవాలన్నది వాళ్ల ముందున్న ఒప్పందం.

చెట్టు నరకడం ఒక పూట పని. నేలలో మిగిలిన మొద్దును వేళ్లతో సహా పెకలించడం రోజుల పని. ఆ తేడా తెలిసినవాళ్లే ఆ సన్నివేశాలను అలా తీయగలరు. గుర్రమూ నాగలీ లేక చేతులతో ఎంత నేల తవ్వగలరో, అవి అరువు తెచ్చుకోవాలంటే ఆసామి తండ్రి అయిన ముసలాయన దగ్గర ఎంత చాకిరీ చేయాలో లెక్క కట్టి చూపించారు. మొదటిసారి మొలక పైకి వచ్చినప్పుడు ఆ ఇద్దరి ముఖాలు చూడండి. వానాకాలంలో నారుమడి పచ్చబడిన ఉదయం మా నాన్న ముఖం అలాగే ఉండేది.

కథకు ఆధారం ఐస్‌లాండ్‌వాసులు 13వ శతాబ్దంలో రాసిపెట్టుకున్న సాగాలు అనే గాథలు. వాటిలో చెప్పినట్టు నార్స్ (పాత స్కాండినేవియా) ప్రజలు నిజంగా అట్లాంటిక్ దాటారనడానికి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో 1960లలో తవ్వి తీసిన లాన్స్ ఓ మెడోస్ నివాసం సాక్ష్యం. అక్కడ దొరికిన చెక్కలు 1021లో నరికినవని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు. మాంగా 2005లో మొదలై 2025లో ముగిసింది కాబట్టి, కథ సగంలో ఆగిపోతుందన్న బెంగ అవసరం లేదు.

గడపముగ్గు:

అందరూ మెచ్చుకుంటున్న చోట ఒక అభ్యంతరం చెబుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. 'ఎ బ్రైడ్స్ స్టోరీ'లో అమీర్ భర్త కార్లుక్ వయసు పన్నెండేళ్లు. కుట్లు, తివాచీలు, విందులు అంత అందంగా గీసినప్పుడు, ఆ పిల్లల పెళ్లిళ్లు కూడా ఆ అందంలో కలిసిపోయి మామూలుగా కనిపిస్తాయేమోనని నా భయం. మా అమ్మమ్మకు పదకొండో ఏట పెళ్లి చేశారు. ఆమె ఆ సంగతిని ఏనాడూ ముచ్చటగా చెప్పలేదు.

కండెదారం:

గడపముగ్గు గారూ, మీ అభ్యంతరం న్యాయమైనది. అమీర్, కార్లుక్‌ల మధ్య ఉన్నది చాలావరకు ఆప్యాయత, సంరక్షణ అన్నట్టుగానే రచయిత్రి నడిపారు. కానీ ఆ ఏర్పాటును ఆ పుస్తకం గట్టిగా ప్రశ్నించదన్నది నిజమే. పుట్టింటివారు అమీర్‌ను వెనక్కి తీసుకుపోయి మరొకరికి ఇవ్వాలని వచ్చే ఘట్టంలో మాత్రం, ఆడపిల్ల తెగల మధ్య బేరానికి వస్తువు కావడంలోని కర్కశత్వాన్ని దాచలేదు. మీ అమ్మమ్మ గారి మాట గుర్తుపెట్టుకుని మళ్లీ చదువుతాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. లైలా, లేలీ అనే కవలల పెళ్లి జరిగేది ఆరల్ సముద్రపు ఒడ్డున ఉన్న జాలరి పల్లెలో. వలలు, ఎండబెట్టిన చేపలు, పడవలు, పెళ్లివిందు అన్నీ కళకళలాడుతూ ఉంటాయి. 1960ల నుంచి పత్తి సాగు కోసం ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని మళ్లించడంతో ఆ సముద్రంలో చాలా భాగం ఎండి ఇసుక అయిపోయింది. పత్తి నూలు మీద బతికే ఇంట్లో పుట్టిన నాకు ఆ విందు పేజీలు చదువుతుంటే గొంతు పట్టుకుంది.

చిడతలు:

చేతిపనుల గురించి చెప్పారు. నోటిపని గురించి నేను చెబుతాను. హరుకో కుమోతా మాంగా ఆధారంగా 2016, 2017లో రెండు భాగాలుగా వచ్చిన 'షోవా గెన్‌రోకు రాకుగో షింజూ' నేను మూడుసార్లు చూశాను. రాకుగో అంటే ఒక్క కథకుడు మెత్త మీద కూర్చుని, ఒక విసనకర్ర, ఒక చేతిగుడ్డ మాత్రమే పెట్టుకుని కథ మొత్తం నడిపే కళ. విసనకర్రే భోజనం చేసే పుల్లలు, అదే పొగగొట్టం, అదే కత్తి. ముఖం కాస్త ఇటు తిప్పితే యజమాని, అటు తిప్పితే పనివాడు. మా తాతగారు హరికథలు చెప్పేవారు. ఆయన నిలబడి, చిడతలు పట్టి, గజ్జె కట్టి పాడుతూ చెప్పేవారు. రాకుగోలో ఆ సంగీతం లేదు, లేవడమే లేదు. అయినా ఒక్క మనిషి ఊరందరినీ తనలోంచి తీసి చూపించే విద్య ఒకటే.

ఈ అనిమేలో నటులు రాకుగో కథలను తునకలుగా కాక, చాలాచోట్ల మొదటినుంచి చివరిదాకా చెబుతారు. కథకుడికి సభలో తొలిసారి నవ్వు పుట్టించే క్షణం కోసం పది నిమిషాలు ఓపిక పట్టవలసి వస్తుంది, ఆ ఓపికకు ఫలితం ఉంటుంది. యుద్ధకాలపు ప్రస్తావన కూడా ఉంది. కాలానికి తగనివని తలచి, వేశ్యవాటికలకూ శృంగారానికీ సంబంధించిన 53 కథలను 1941లో కథకులే పక్కనపెట్టి, టోక్యోలోని అసకుసాలో ఒక ఆలయ ఆవరణలో వాటికి సమాధి కట్టారు. అది నిజంగా జరిగినదే. హరికథ చెప్పేవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే చూసినవాడిని కనుక, వారసుడు లేకుండా తనతోనే ఈ కళ పోవాలని కోరుకునే యాకుమో పాత్రను నేను ద్వేషించలేకపోయాను.

ఒక ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు ఉపశీర్షికల్లో పెద్దరికపు తేడాలన్నీ ఒకే మాటగా మారిపోతాయి. 'అయ్యా', 'ఒరే', 'అండీ' లాంటి భేదాలు జపనీస్‌లో చాలావరకు క్రియల్లో ఉంటాయి. వాక్యం చివర వచ్చే ఆ క్రియను చెవితో వినే అలవాటు చేసుకోండి. క్రియను చివర ఉంచే భాష మనదీ కాబట్టి అంత కష్టం కాదు.

ఏటిగట్టు:

చిడతలు గారి మాటకు కొనసాగింపుగా, 2021లో నవోకో యమదా దర్శకత్వంలో వచ్చిన 'ది హైకే స్టోరీ' చూడండి. పదకొండే భాగాలు. 12వ శతాబ్దంలో హైకే అని కూడా పిలిచే తైరా వంశం వైభవం నుంచి, 1185లో దన్‌నోఉరా సముద్రయుద్ధంలో నాశనం కావడం వరకు కథ. ఈ గాథను శతాబ్దాలపాటు బివా అనే తంత్రీవాద్యం మీద గుడ్డి గాయకులు ఊరూరా పాడేవారు. అందుకే ఈ అనిమేలో భవిష్యత్తును చూడగల ఒక బాలికను సృష్టించి, ఆమెకు బివా అనే పేరే పెట్టారు.

ఈ గాథ ఎత్తుగడలో వినిపించే గంట జపాన్‌దే కాదు. అది మన శ్రావస్తిలోని జేతవన విహారపు గంట. సర్వ సంస్కారాలూ అనిత్యాలని ఆ గంట మోగుతుందని, వికసించిన సాలవృక్షపు పూల రంగు ఉన్నతి వెనుకనే పతనాన్ని చెబుతుందని కవి మొదలుపెడతాడు. బుద్ధుడు నిర్యాణం చెందింది జంట సాలవృక్షాల మధ్యనే కదా. చిన్నప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక పంక్తిగా చదివి మరచిన జేతవనం, జపాన్ వీరగాథకు తొలి శబ్దమై ఎదురవడం నాకు కలిగించిన ఆశ్చర్యం ఇంకా తగ్గలేదు. పాత్రల పేర్లు మొదటి రెండు భాగాల్లో తికమక పెడతాయి. ఒక కాగితం మీద వంశవృక్షం గీసుకుంటే తేలిక.

మొలకబుట్ట:

మా అమ్మాయికి పన్నెండేళ్లు. 'ది అపోథెకరీ డైరీస్' ఇష్టంగా చూస్తోంది. అది చరిత్రేనా అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. ఆమెతో కలిసి చూడదగినవి ఏమైనా చెప్పగలరా?

తంగేడుపువ్వు:

మొలకబుట్ట గారూ, అది పాత చైనా రాజాంతఃపురాలను పోలిన కల్పిత దేశం. తేదీలు, రాజుల పేర్లు అందులో వెతకకూడదు. కానీ మొదటి భాగంలోనే వచ్చే తెల్లటి ముఖచూర్ణం, అందులోని సీసం పసిబిడ్డల ప్రాణం తీయడం నిజమైన చరిత్ర మీద నిలిచిన సంగతి. సీసపు పొడిని ముఖానికి పూసుకున్న కాలాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అక్కడినుంచి మాట మొదలుపెట్టవచ్చు.

కలిసి చూడడానికి 1974 నాటి 'హైదీ'ని మించినది నాకు తెలియదు. ఇసావో తకహతా, హయావో మియజాకీ తదితరులు ముందుగా స్విట్జర్లాండ్ వెళ్లి, ఇళ్లను, కొండలను చూసి వచ్చి చేసిన 52 భాగాల ధారావాహిక అది. తాత జున్ను ముక్కను నిప్పు మీద కరిగించి రొట్టె మీద వేసే దృశ్యం చూశాక ఏ పిల్లకైనా ఆకలి వేస్తుంది.

గడపముగ్గు:

అమ్మాయి ఇంకొంచెం పెద్దదయ్యాక 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్' చూపించండి. ఫుమియో కోనో మాంగా ఆధారంగా సునావో కతబుచి 2016లో తీసిన చిత్రం. హిరోషిమా పిల్ల సుజు 1944లో నౌకాస్థావరమైన కురే పట్టణానికి కోడలిగా వెళుతుంది. రేషను తగ్గిపోతున్న కొద్దీ ఆమె పొలం గట్ల మీది కలుపు ఆకులు తెచ్చి కూర చేయడం, కిమోనో కత్తిరించి పనికి వీలైన దుస్తులు కుట్టుకోవడం, గుప్పెడు బియ్యం ఎక్కువ అన్నంగా కనబడాలని వాటిని ముందు వేయించి, నానబెట్టి ఉబ్బించి వండడం, ఇవన్నీ వంట నేర్పినంత వివరంగా ఉంటాయి. ఆ అన్నం తిన్న ఇంటిల్లిపాది ముఖాలు చూస్తే దాని రుచి ఏపాటిదో తెలుస్తుంది. హిరోషిమా అన్న పేరు విన్నప్పటినుంచి ఏం రానున్నదో మనకు తెలుసు, సుజుకు తెలియదు. ఆమె బియ్యం కడుగుతున్నప్పుడు కూడా మనకు భయం వేస్తుంది.

కండెదారం:

ఇంత వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం అమ్మ పక్కన కూర్చుని, తిలెకెకు పాత బట్టలు చూపించే పేజీలు తిప్పాను. చదువు రాకపోయినా అమ్మ ఒక్కో నమూనా మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "ముందువైపు బాగానే గీసింది. వెనకవైపు ముళ్లు ఎట్లా వేశారో చూపించలేదేం?" అని అడిగింది. నాన్న నవ్వి, ఆ రచయిత్రికి ఉత్తరం రాయమన్నారు. ఈ వారం ఇద్దరినీ కూర్చోబెట్టి, కిమోనో కత్తిరించే సుజు సన్నివేశం చూపించబోతున్నాను. మాటలు నేను తెలుగులో చెబుతూ పోతాను.