అప్‌డేట్: బీసీ-191 ట్రాన్స్‌మిటర్ స్వరం జారడానికి కారణం తెలిసింది

అమెరికా సైన్యం 1930లలో వాడిన బీసీ-191 రేడియో ట్రాన్స్‌మిటర్‌లో మోర్స్ కీ (చుక్కలు, గీతలుగా సంకేతాలు పంపే మీట) నొక్కిన ప్రతిసారీ స్వరం పిట్టకూతలా ఎందుకు జారుతోందని ఇంతకుముందు అడిగాను. వాక్యూమ్ ట్యూబులను అనుమానించే ముందు, కీ నొక్కి ఉన్నప్పుడు ప్లేట్ వోల్టేజి (ట్యూబుల ప్లేట్లకు అందే హై వోల్టేజి) ఎంత పడుతోందో కొలవమన్న సలహా చాలా ఉపకరించింది.

కీ వదిలినప్పుడు సుమారు 1000 వోల్టులున్న సరఫరా, నొక్కగానే బాగా పడిపోతోంది. ఈ సెట్‌లో ఆసిలేటర్‌గా (ఫ్రీక్వెన్సీని పుట్టించేది) ఒకటి, పవర్ యాంప్లిఫయర్‌గా (దాని శక్తిని పెంచేది) ఒకటి వీటీ-4-సీ ట్యూబులుంటాయి. రెండింటికీ అదే హై వోల్టేజి అందుతుంది, ఒకదాని ప్రభావం మరొకదానిపై పడకుండా ఆపే బఫర్ దశ మధ్యలో ఉండదు. అందువల్ల యాంప్లిఫయర్ విద్యుత్తును లాగి వోల్టేజి పడిన మరుక్షణమే ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ కూడా కదులుతుంది.

నేను బయట పెట్టిన సరఫరాలో రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది) తర్వాత నేరుగా కెపాసిటర్ ఉండేది. దాని ముందు చోక్‌ను (తీగచుట్ట) చేర్చి, చివర బ్లీడర్ రెసిస్టరును (ఎప్పుడూ కొంత విద్యుత్తును లాగుతూ, సరఫరా ఆపాక కెపాసిటర్లను ఖాళీ చేసేది) కలిపాక వోల్టేజి దాదాపు నిలకడగా ఉంటోంది, స్వరం చాలావరకు కుదుటపడింది. మిగిలిన కొద్దిపాటి జారుడు ఆ డిజైన్‌కు సహజమేనని నా అభిప్రాయం. దాన్ని పోగొట్టడానికి లోపలి వైరింగును మార్చడం నాకు ససేమిరా ఇష్టం లేదు. సొరుగులా బయటికి లాగగలిగే ట్యూనింగ్ యూనిట్, దాని ముఖాన ఉన్న క్యాలిబ్రేషన్ పట్టిక (ఏ ఫ్రీక్వెన్సీకి డయల్ ఎక్కడ పెట్టాలో చెప్పేది) ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

ఇలాంటి సెట్ తెరిచేవారు, బ్లీడర్ ఉన్నా సరే, కెపాసిటర్లను ఇన్సులేషన్ పిడి ఉన్న కడ్డీతో డిశ్చార్జి చేశాకే చెయ్యి పెట్టాలి.