ఏడు బడులకు ఒకే తెలుగు పత్రం: వాట్సాప్‌లో ఏది చివరి కాపీయో తేలడం లేదు

కాశీనగర్ తెలుగు టీచర్ (గజపతి జిల్లా, ఒడిశా)
పర్లాకిమిడి, కాశీనగర్ చుట్టుపక్కల ఏడు బడుల తెలుగు టీచర్లం కలిసి తొమ్మిదో తరగతికి అభ్యాస పత్రాలు, ప్రశ్నాపత్రాలు తయారు చేస్తున్నాం. గ్రూపులో ఒకే పత్రం నాలుగు రూపాల్లో తిరుగుతోంది. ఒకరు దిద్దింది ఇంకొకరికి చేరదు. అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన ఫైళ్లు ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తున్నాయి. సిగ్నలూ అంతంతమాత్రమే. దారి చెప్పండి.

గుణుపురం మాస్టారు
మాస్టారూ, గ్రూపులో ఫైలు పంపడం మానేసి లింకు పంపండి. ఫైలు పంపిన ప్రతిసారీ ఒక్కో ఫోన్‌లో ఒక్కో కాపీ పుడుతుంది. గూగుల్ డాక్స్ (నెట్‌లోనే పత్రం రాసుకునే గూగుల్ యాప్) లింకయితే అందరూ తెరిచేది ఒకే పత్రం.

ముందు అందరికీ కలిపి విడిగా ఒక జీమెయిల్ ఖాతా తెరవండి. చాలామంది దీన్ని వదిలేసి తర్వాత ఇబ్బంది పడతారు. మామూలు ఖాతాల్లో ఫైలు ఎవరు ఎక్కిస్తే వారిదే. ఉమ్మడి ఫోల్డరులో పెట్టినా సొంతదారు మారరు. ఎక్కించినాయన బదిలీ అయ్యాక తన ఖాతా తీసేస్తే ఫైలూ దానితోనే పోతుంది. అందుకని ఖరారైన ప్రతి పత్రాన్నీ ఉమ్మడి ఖాతాలో తెరిచి ‘మేక్ ఎ కాపీ’ కొట్టి, ఆ కాపీనే ఉంచండి. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే జీమెయిలూ ఫోటోలూ కూడా లెక్క. వీడియోలు ఎక్కించకపోతే పత్రాలకు ఏళ్ల తరబడి సరిపోతుంది.

పాఠం రాసే ఒక్కరికే ‘ఎడిటర్’ (నేరుగా దిద్దే) హక్కు ఇవ్వండి, మిగతా ఆరుగురికి ‘కామెంటర్’ (పక్కన వ్యాఖ్య రాసే) హక్కు చాలు. ఏదైనా పొరపాటున చెరిగితే కంప్యూటర్‌లో ఫైల్ మెనూ, వెర్షన్ హిస్టరీలో పాత రూపం దొరుకుతుంది. ప్రశ్నాపత్రాలకు మాత్రం ‘ఎనీవన్ విత్ ద లింక్’ (లింకు ఉన్న ఎవరైనా తెరవొచ్చు) వద్దు. ఏడుగురి జీమెయిళ్లూ విడివిడిగా చేర్చండి.

బరంపురం డీటీపీ
అను ఫాంట్లు తెలుగు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుకుంటాయి. ఆ ఫాంటు లేని ఫోన్‌లో అడుగున ఉన్న ఇంగ్లీషు బయటపడుతుంది. ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్లో ఉన్నాయి. అయితే మీ ఫైలు అను 6లో కొట్టిందో 7లో కొట్టిందో సరిగ్గా ఎంచుకోవాలి, రెంటి అమరికా వేరు. మార్చాక వత్తులు, ‘క్ష’, ‘ర’ వత్తు ఉన్న మాటలు ఒక్కొక్కటే చూడండి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

ఫైలు లేక కాగితమే మిగిలితే, వెలుతురులో నిటారుగా ఫోటో తీసి, 2 ఎంబీ లోపు ఉంచి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించండి. కంప్యూటర్‌లో దానిపై రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ విత్ గూగుల్ డాక్స్’ అంటే అక్షరాలు టైపు రూపంలో వస్తాయి. అచ్చు కాగితానికైతే బాగా పనిచేస్తుంది, చేతిరాతకు నమ్ముకోవద్దు.

సిరొంచ నుంచి (గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర)
సార్, సిగ్నల్ ఉన్నచోటే డాక్స్ యాప్‌లో ఒక్కో ఫైలు పక్కన మూడు చుక్కలు నొక్కి ‘మేక్ అవైలబుల్ ఆఫ్‌లైన్’ పెట్టుకోండి. తర్వాత నెట్ లేకున్నా రాయొచ్చు, సిగ్నల్ రాగానే కలుస్తుంది. ఇద్దరు ఆఫ్‌లైన్లో ఒకే వాక్యాన్ని దిద్దితే మాత్రం రెండూ కలగాపులగమవుతాయి. ‘ఒకటో భాగం మీది, రెండోది నాది’ అని ముందే పంచుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షా‌లో ఆంధ్ర, తెలంగాణ బోర్డుల తెలుగు పాఠాలున్నాయి. మన రాష్ట్రాల పుస్తకంతో పాఠాలు కలవకపోయినా సంధులు, సమాసాలు, ఛందస్సు ఎక్కడైనా ఒకటే కదా, వాటిని తీసుకోండి.

కాశీనగర్ తెలుగు టీచర్
ఉమ్మడి ఖాతా ఈ రోజే తెరుస్తాం. జిరాక్స్ షాపుకు ఏ రూపంలో ఇవ్వాలి?

బరంపురం డీటీపీ
పీడీఎఫ్‌గానే ఇవ్వండి. వర్డ్ ఫైలు ఇస్తే షాపు కంప్యూటర్‌లో మీ ఫాంటు లేక వరసలు జరిగి, రెండు పేజీల పత్రం మూడో పేజీకి పాకుతుంది.