ఆరు వారాల్లో దమ్ము పెరిగింది, బరువులు పెరిగాయి, కండ కొలత మాత్రం కదల్లేదు. ఎందుకు?

తొలిఅడుగు:
వారానికి మూడు రోజులు పరుగు, రెండు రోజులు బరువులు, ఆరు వారాలుగా. పొద్దున లేవగానే చూసే నాడి నిమిషానికి 74 నుంచి 66కి దిగింది. స్క్వాట్ (బరువు మోస్తూ గొంతుక్కూర్చుని లేవడం) 30 కిలోల నుంచి 47.5కి వెళ్లింది. టేపు పెట్టి చూస్తే తొడలో అర సెంటీమీటరు తేడా కూడా లేదు. కండ పెరగకుండా ఈ బలం ఎక్కడిది? ఇంకో సంగతి, రెండు వారాలుగా మోకాటి చిప్ప కింద సలుపు. పరుగు మొదట్లో ఉంటుంది, పది నిమిషాలకు సర్దుకుంటుంది, మర్నాడు మెట్లు దిగేటప్పుడు మళ్లీ వస్తుంది. లాక్టిక్ ఆసిడ్ పేరుకుపోయిందా?

ఇనుపకడ్డీ:
బలం చాలావరకు నరాలదండీ. వెన్నుపాములోని ఒక్కో నాడీకణం కింద కొన్ని కండర తంతువులు ఉంటాయి, ఆ జట్టునే మోటార్ యూనిట్ అంటారు. కొత్తలో ఎంత బిగబట్టి లేపినా పెద్ద యూనిట్లు అన్నీ పనిలోకి దిగవు. దిగినవాటికీ సంకేతాలు తగినంత వేగంగా అందవు. దానికి తోడు, తొడ ముందు కండరం కాలు చాపుతుంటే వెనక కండరం అవసరానికి మించి బిగుసుకుని ఎదురు లాగుతుంది. మొదటి నెలన్నరలో బాగుపడేది ముఖ్యంగా ఇదే. కండ నిజంగా మందం కట్టడం 6–8 వారాలకు గానీ కొలతకు అందదు. మొదటి మూడు వారాల్లో లావైనట్టు అనిపిస్తే అందులో కొంత వాపు నీరే.

టేపు కూడా మోసం చేస్తుంది. కండ పెరిగి పైనున్న కొవ్వు తగ్గితే చుట్టుకొలత అక్కడే ఉంటుంది. చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు కొలిచి గుర్తు పెట్టుకోండి, వ్యాయామానికి ముందే, కాలు వదులుగా ఉంచి కొలవండి. నెలకోసారి చాలు. మాంసకృత్తులు రోజుకు కిలో ఒంటి బరువుకు 1.6 గ్రాముల దరిదాపుల్లో ఉంటే ఆ వైపు లోటు లేనట్టే.

నాడిలెక్క:
నాడి గురించి రెండు మాటలు. ఊరకే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపాలి. 74 సార్లు కొట్టుకుంటే ఒక్కో దెబ్బకు 68 మిల్లీలీటర్లు, 66 సార్లయితే 76. శిక్షణ మొదలైన కొద్ది రోజుల్లోనే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, పెరుగుతుంది, గుండె గది మరింత నిండుతుంది, ఒక్కో దెబ్బ బరువెక్కుతుంది. ఎర్రకణాలు పెరగడానికి మాత్రం వారాలు, నెలలు పడుతుంది. అందుకే ఈ మధ్యకాలంలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ కాస్త తక్కువగా కనిపించవచ్చు. అది పలచబడటం కావచ్చు. అలాగని ఆయాసం, నీరసం ఉన్నా అదే అనుకుని కూర్చోకూడదు, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే రక్తపరీక్ష) చూపించుకోవాలి.

మెల్లగా:
అసలు చూడాల్సింది మోకాలు. లాక్టిక్ ఆసిడ్ కాదు. రక్తంలో అది లాక్టేట్ రూపంలో ఉంటుంది, వ్యాయామం ఆపిన గంటలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది, దాన్ని గుండె కూడా ఇంధనంగా కాల్చుకుంటుంది. కండ నొప్పి అనడానికీ లేదు, అది 24–72 గంటల మధ్య ముదిరి దానంతటదే పోతుంది. మొదట్లో సలపడం, వేడెక్కాక తగ్గడం, మర్నాడు తిరిగి రావడం... ఇది టెండన్ (కండరాన్ని ఎముకకు కట్టిపడేసే గట్టి పట్టీ) నడక. చిప్ప కింది మొనను వేలితో నొక్కితే కచ్చితంగా ఒకేచోట నొప్పి ఉంటే అనుమానం బలపడుతుంది.

ఇలా ఎందుకంటే, ఒంట్లో అన్నీ ఒకే గడియారం మీద నడవవు. ప్లాస్మాకు రోజులు, నరాలకు వారాలు, టెండన్‌కు, ఎముకకు నెలలు. టెండన్‌లో రక్తనాళాలు తక్కువ, కణాలూ తక్కువ, దానికి గట్టిదనమిచ్చే కొల్లాజెన్ అనే మాంసకృత్తి నింపాదిగా మారుతుంది. మీ స్క్వాట్ ఆరు వారాల్లో 58 శాతం పెరిగింది. గుండె సరే అంది, కండరం సరే అంది, టెండన్‌ను ఎవరూ అడగలేదు.

పూర్తిగా మానేయకండి, బరువు పడకపోతే టెండన్ ఇంకా బలహీనపడుతుంది. పరుగు సగానికి తగ్గించండి. గెంతులు, వాలు మీద దిగే పరుగు ఆపండి. స్క్వాట్ రోజు విడిచి రోజు, 4 సెట్లు. దిగడానికి 3 సెకన్లు, లేవడానికి 3 సెకన్లు. 15 సార్లు చేయగలిగే బరువుతో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో 8 సార్లు మాత్రమే చేయగలిగే బరువుకు చేరండి. పదికి మూడు వరకు నొప్పి ఫరవాలేదు, 24 గంటల్లో పాత స్థాయికి దిగాలి. దిగకపోతే ముందటి రోజు ఎక్కువైందని లెక్క. 12 వారాలు పడుతుందనుకోండి. చాలామంది నాలుగో వారంలో నొప్పి తగ్గిందని పాత దూరం మొత్తం ఒకేసారి అందుకుంటారు, గొడవంతా అక్కడే.

మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా, రాత్రి పడుకున్నప్పుడు కూడా ఎముక మీద ఒకేచోట నొప్పి ఉన్నా ఇవేవీ చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

తొలిఅడుగు:
నొక్కి చూశాను, సరిగ్గా చిప్ప మొన దగ్గరే. పరుగు సగం చేస్తే వచ్చిన దమ్ము పోదా?

నాడిలెక్క:
పోదు. పూర్తిగా మానేస్తే ప్లాస్మా కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది, రెండు వారాలకు తేడా తెలుస్తుంది. తీవ్రత తగ్గించకుండా ఉంటే మాత్రం తక్కువ సమయం చేసినా చాలాకాలం నిలుస్తుంది. ఆ తీవ్రతను సైకిల్ మీదికి మార్చండి. సీటు ఎత్తు చూసుకోండి: పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు 25–35 డిగ్రీలే వంగాలి. సీటు కిందికి ఉంటే మోకాలు మరీ వంగి, తప్పించాలనుకున్న భారమే మళ్లీ చిప్ప మీద పడుతుంది.