అప్‌డేట్: నైరోబీ సదస్సుకి జనం వచ్చారు

వృత్తి శిక్షణ, యువత ఉపాధి మీద నైరోబీలో సదస్సు, ప్రచారం నా నెత్తిన పడింది, ఎన్ని ఈమెయిళ్లు పంపినా రిజిస్ట్రేషన్లు రావట్లేదని మొన్న ఇక్కడే మొత్తుకున్నాను కదా. "ఆఫీసర్లకి కాదు, పనిచేసే కుర్రాళ్లకి చెప్పు" అన్నారు మీలో చాలామంది. నిజం చెప్పాలంటే కొంచెం రోషం వచ్చింది, కానీ మర్నాడే నైరోబీలోనే ఉన్న కాముకుంజి అనే చోటికి వెళ్లాను.

అక్కడ రేకుల్ని సుత్తితో కొట్టి ట్రంకు పెట్టెలు, బొగ్గు పొయ్యిలు చేస్తారు. ఇలాంటి పనివాళ్లని కెన్యాలో 'జువా కాలి' అంటారు, స్వాహిలీలో మండుటెండ అని అర్థం, ఆరుబయట ఎండలో పని కాబట్టి. మా ఇంగ్లీషు పోస్టర్ చూసి ఒక కుర్రాడు "ఇది మాకా?" అని నవ్వేశాడు. పరువు పోయింది!

పోస్టర్ స్వాహిలీలోకి మార్చాం, 'సాంకేతిక విద్య' తీసేసి 'ఫుండి' అని పెట్టాం, అంటే చేతిపని తెలిసిన మేస్త్రీ. కాలేజీకి వెళ్లకుండా పని నేర్చుకున్నవాళ్లకి నైపుణ్యం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అక్కడ ఉంది, ఆ సంగతే పైన పెద్దక్షరాల్లో వేశాం, ఒక మేస్త్రీ గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో వదిలాం. అదే పనిచేసింది, పోస్టర్ కన్నా ఎక్కువ.

హాలు నిండింది. బ్యానర్ మీద తేదీ తప్పు పడి, రాత్రికి రాత్రి స్టిక్కర్ అంటించిన టెన్షన్ వేరే కథ. రెండో రోజు భోజనాలు చాలక మేం బయట చపాతీలు తిన్నాం.