అప్‌డేట్: పాప్ పాటకి పాత జాజ్ స్వింగ్ రావడం లేదన్న సమస్య తీరింది

కొత్త పాప్ పాటల్ని పాత జాజ్ పద్ధతిలో మళ్లీ పాడే పోస్ట్‌మోడర్న్ జ్యూక్‌బాక్స్ బృందం వాళ్ల కవర్ల తరహాలో ఓ కొత్త పాప్ పాటని కీబోర్డు మీద వాయిస్తుంటే, నోట్లన్నీ సరిగ్గానే పడుతున్నా స్వింగ్ (జాజ్‌లో ఉండే ఆ ఊగే లయ) రావడం లేదు, ఎందుకని అడిగాను కదా, సంగతి తేలింది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

పనిచేసింది బేస్ (ఎడమచేత్తో వాయించే కింది స్వరాలు) మార్చమన్న సలహా. పాప్‌లోలాగా ఎడమచేత్తో ఒకే స్వరం కొట్టడం మానేసి, బీటుకి ఒక నోటు చొప్పున నడిచినట్టు సాగే వాకింగ్ బేస్ పెట్టగానే పాట కదిలింది. సి కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) నుంచి ఎఫ్‌కి వెళ్లాలంటే సి, ఇ, జి, ఎఫ్ షార్ప్, అక్కణ్నుంచి జారి ఎఫ్ మీద పడాలి. ఆ చివరి అరమెట్టులోనే ఉంది అందమంతా! 2014లో వాళ్లు చేసిన ‘ఆల్ అబౌట్ దట్ బేస్’ కవర్‌లో కేట్ డేవిస్ పాడుతూనే డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) వాయిస్తుంది, ఒకసారి పాట వదిలేసి బేస్ మాత్రమే వినండి.

జాజ్ పియానో నేర్పే మాస్టారొకరు నా రికార్డింగ్ విని ఇంకోటి పట్టుకున్నారు. ఎయిత్ నోట్లు (బీటుకి రెండు చొప్పున పడేవి) సమానంగా పడుతున్నాయట. బీటుని మూడు భాగాలు చేసి మొదటి నోటుకి రెండు, రెండోదానికి ఒకటి ఇవ్వమన్నారు, వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గించమన్నారు. తాళం కొట్టే మెట్రోనోమ్ 2, 4 బీట్ల మీద మోగేలా పెట్టుకుని సాధన చేస్తే చేతికి వచ్చేసింది.

గ్రామఫోన్ గరగర ఎఫెక్ట్, పాతకాలం మైకు, కొత్త సౌండ్ బ్యాంక్, వీటితో స్వింగ్‌కి సంబంధమే లేదు. సెవెంత్, నైన్త్ కార్డ్‌లు (మామూలు కార్డ్‌కి అదనపు స్వరాలు చేర్చినవి) రంగు తెచ్చాయి గానీ నడక మాత్రం తేలేదు, కాబట్టి డబ్బు పెట్టి ఏదైనా కొనేముందు బేస్ సరిచూసుకోండి.